కాలరు కొలత

వేట బందు పెట్టి ఇరవై రోజులు.
భావనపాడు ఒడ్డున పడవలన్నీ బోర్లా పడుకున్నాయి,
మధ్యాహ్నాలు మా నాన్న కూడా.

పోలమ్మత్త కుట్టుమిషను అద్దెకు తెచ్చాను,
రోజుకి ఇరవై రూపాయలు, నూనె ఖర్చు నాదే.
తొక్కితే చెప్పు తెగిన మనిషిలా
ఒక పక్కకి ఈడుస్తుంది.

టెక్కలిలో నీలం గుడ్డ రెండున్నర మీటర్లు,
తెల్ల టేపు ఐదు గజాలు.
ఎర్ర గుడ్డ కొనలేదు,
అమ్మ ఎప్పుడో కట్టి మానేసిన ఓణీ ఉంది.

ఫోను తెర మీద ఆ పిల్ల పరిగెడుతుంది.
ఆపుతాను. మళ్ళీ వెనక్కి.
గాలికి స్కర్టు కుచ్చిళ్ళు విచ్చుకునే చోట
లెక్కపెడతాను: పద్దెనిమిదా? ఇరవయ్యా?
బొమ్మ గీసినవాడు ఒక్కో చోట ఒక్కోలా గీశాడు.
వాడికి గుడ్డ కొనే పని లేదు కదా.

నేను ఇరవై నాలుగు వేశాను.
పిన్నులు చాలక జడ క్లిప్పులు,
అవీ చాలక బట్టలారేసే క్లిప్పులు.
ఇస్త్రీపెట్టె లేదు గనక
కుచ్చిళ్ళు తడిపి, మడిచి
రేషను బియ్యం బస్తా కింద పెట్టాను, రాత్రంతా.
పొద్దున్నకి కత్తి అంచుల్లా లేచాయి.
అడుగు బియ్యం నీలం పట్టాయి.
అమ్మ ఏమీ అనలేదు,
రెండుసార్లు ఎక్కువ కడిగింది.

కాలరే లొంగలేదు.
కాగితం మీద బాగానే ఉంది,
ముందు కోసుగా, వెనక నలుచదరంగా.
గుడ్డలోకి వచ్చేసరికి
టేకుచేప రెక్కలా ఒక పక్కకి ఎగురుతుంది.
మూడుసార్లు కుట్టాను,
మూడుసార్లు విప్పాను.

నాన్న గుమ్మంలో వల బాగుచేసుకుంటూ
ఒక కన్ను ఇటే వేశాడని తెలుసు.
"ఏటే గుంటా అది? ఏ బడి డ్రెస్సు?"
జపాన్ బడి నానా, బొమ్మల కథలోది.
శ్రీకాకుళంలో అందరం వేషాలేసుకుని కలుస్తాం.
"జపానోలా!" అన్నాడు,
పక్క వీధి వాళ్ళ పేరు విన్నట్టు.
"మన టైగరు రొయ్య ఆళ్ళకే ఎల్తాది.
తలకాయ తీసి మరీ."
కాసేపాగి,
"బడిపిల్లకి ఈపు మీద అంత గుడ్డెందుకే?"

చెప్పాను, ఎక్కడో చదివిందే.
అది మొదట ఓడల్లో పనిచేసేవాళ్ళ చొక్కా,
తరవాతెప్పుడో బడిలోకి వచ్చింది.

వలసూది ఆగింది.
"సముద్రం మీద కాలరా?"
కన్నీళ్ళొచ్చేలా నవ్వాడు.
"మాకు గోచీయే బరువు."

అప్పుడు తట్టింది నాకు,
ఇంట్లో కొలతబొమ్మ లేదని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నాను.
లే నానా. ఒక్క నిమిషం. కదలకు.

చొక్కా లేని భుజాల మీద
పిన్నులతో సహా కాలరు పరిచాను.
మెడ పక్కన తాడు ఒరుసుకున్న మచ్చ,
ఎండకి పగిలి మళ్ళీ అతుక్కున్న చర్మం,
దాని మీద మూడు తెల్ల గీతలు
ఏ వంకా పెట్టకుండా పడుకున్నాయి.
ఆయన మెడకి సరిపోయింది.
అంటే నా కొలతే తప్పు, ఎక్కడో వదులు పట్టాను,
మూడుసార్లూ అక్కడే.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి చూసి
నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
"ఓలమ్మో, నేవీ దొరగారొచ్చీనారు!"

నాన్న నవ్వలేదు ఈసారి.
పిన్ను గుచ్చుకున్నా కదల్లేదు.
నేను సుద్దతో గీత గీసేదాకా
నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు,
ఎవరో ఫొటో తీస్తున్నట్టు.

నేను తీయలేదు.
చేతుల నిండా పిన్నులు.

ఎర్ర ఓణీకి ముడి ఆయనే వేశాడు.
నేను చూపించిన వీడియో సగంలోనే
"అది జారిపోద్దే" అని పక్కకి నెట్టి
రెండు మెలికలు, ఒక లాగుడు.
వలకి వేసే ముడి.
ఇక అది నా వేళ్ళకి లొంగదు,
కత్తెర పెట్టాల్సిందే.

జూన్ పదిహేనుకి పడవలు దిగాయి.
తెల్లారకముందే వెళ్ళాడు.
ఆదివారం మా వేషాల పండగ.
మిషను తిరిగిచ్చేశాను,
ఎడమ చంక కింద కుట్టు
ఇంకా చేత్తో వెయ్యాలి.

ఓణీని మాత్రం ముడి విప్పకుండా
తల మీంచే తొడుక్కుంటాను.
చెవులు కాస్త ఒరుసుకుంటాయి.