అటక కొలతలు

ఆదోని స్టేషనుకు ఉత్తరాన
గూడ్సు పట్టా వంపు తిరిగిన చోట
ఆ జాగా కూడా వంపు తిరిగింది.
పట్టాలు పీకి ఇరవై ఏళ్లయింది.
వంపు మాత్రం పోలేదు,
చెప్పు విప్పినాక పాదం మీద వారు గుర్తులా.

తూర్పున నలభై ఆరడుగులు.
పడమర డెబ్బై మూడున్నర.
దక్షిణం గోడ నడుమ మోకాలు మడిచి కూచుంటుంది.
ఉత్తరం కొలవబోతే టేపు పోయి
పక్క నూనె మిల్లు గానుగ గదిలో దూరింది.
వాస్తు చూసే వీరభద్రాచారి రెండు చుట్లు తిరిగి
"గోముఖమూ కాదు, సింహముఖమూ కాదు,
ఏ జంతువు మొహమూ కాదబ్బా ఇది" అన్నాడు.
బిల్డరు నవ్వినాడు:
"దీని మొహం లాఫ్టు, ఆచారీ."

లాఫ్టు.
బ్రోచరులో ఆ మాటకు బంగారు రంగు.
ఇరవై రెండడుగుల ఎత్తు, ఇనప మెట్లు,
సగం గాల్లో ఒక పడక,
పాత ఇటుకకు పూత పూయకుండా వదిలేసి
చరిత్ర అని చెప్పి
చదరపు అడుక్కి నాలుగు వందలు అదనం.
మా అమ్మకు చదివి వినిపిస్తే
వక్క కొరుకుతా అడిగింది:
"అంటే అటకే గదరా?"

అటకే.
చింతపండు కుండా, చిల్లుపడిన గంగాళమూ,
చచ్చినోళ్ల ట్రంకుపెట్టే ఎక్కే చోటు.
ఆమె అన్నది మాత్రం ఆ అటకను కాదు.
జిన్నింగు మిల్లులో గింజ పత్తి పోసే పై అరుగు.
కింద రోలర్లు పళ్లు నూరతా ఉంటే,
దూది పొట్టు ఊపిరికి అడ్డం పడతా ఉంటే,
నన్ను పైన బోరం మీద పండబెట్టి
కాలికి తాడు కట్టి దూలానికి ముడేసేదంట.
నాకు గుర్తు లేదు.
చీలమండకు గుర్తుందేమో,
ఎత్తుకు పోతే ఇప్పటికీ ముందు అదే జలదరిస్తుంది.

షిఫ్టు దిగేసరికి ఆడోళ్ల కనుబొమలు తెల్లబడేవి.
పద్దెనిమిదేళ్ల ఉరుకుందమ్మ
సాయంత్రం ఆరింటికి ముసలిదయ్యేది,
బోరింగు కాడ మొహం కడిగితే మళ్లీ పద్దెనిమిది.
కొన్నేళ్లకు కడిగినా పోలేదు.
దగ్గు కూడా.

ఇప్పుడక్కడ మోడల్ ఫ్లాటు.
నా పని, వంకరను ఇండ్లుగా కోయడం.
ఎనిమిది ముక్కలొచ్చినాయి.
ఒకటి చీపురు పుల్ల మాదిరి పొడుగు,
వంటింట్లోనుంచి పడకకు పోవాలంటే సైకిలు కావల్ల.
ఒకటి సమోసా. గిరాకీ దానికే.
చివరికి గోడకూ కాలవకూ మధ్య
పదకొండు గజాలు మిగిలింది.
ఎట్ల తిప్పినా ఏ ఇంట్లోనూ ఇమడలేదు.

ఆ పదకొండు గజాల్లో
మాబున్నీ ఉగ్గాని చేసేది.
పొయ్యికి మూడు బేతంచెర్ల బండ ముక్కలు.
బాకీలు బొగ్గుతో గోడ మీద,
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
మిల్లు మూతబడిన రోజున ఆగిపోయిన గీతలు
కూచుని లెక్కపెట్టినాను,
కొలతల్లో భాగం కాదు గానీ.
రెండు వందల పన్నెండు.
అందులో మా అమ్మవి ఎన్నో.
అడిగితే "తీర్చేసినా" అంది.
అంత వెంటనే అనాల్సిన పని లేదు.

ప్లానులో ఆ ముక్కకు పచ్చదనం అని రాసి
ఆకుపచ్చ పెన్సిలు రుద్దినాను.
గీతల గోడను బిల్డరు ఉంచేయమన్నాడు,
ఫొటోల్లో బాగుందంట,
అద్దం బిగించి లైటు పెడతాడంట.
మాబున్నీ బతికే ఉంది,
ఎమ్మిగనూరు రోడ్డులో కూతురింట్లో.
ఆమె రాని బాకీలు అలంకారమైనాయని
చెప్పడానికి రెండుసార్లు ఆ వీధి దాకా పోయినాను.
రెండోసారి టీ తాగి వచ్చేసినాను.

నిన్న బళ్లారి నుంచి ఒక జంట ఇల్లు చూడను వచ్చినారు.
ఏసీ కోసం గోడకు డ్రిల్లు పెట్టినాడు దస్తగిరి.
సున్నం రాలింది. ఇటుక రాలింది.
వాటి వెనకాల,
ఏ సందులో ఇన్నాళ్లు దాక్కుందో,
పిడికెడు దూది
తొందరేం లేనట్టు దిగి
ఆ అమ్మాయి భుజం మీద వాలింది.

"ఏమిది?" అంది.
"ఇన్సులేషను" అన్నాడు బిల్డరు.
ఆమె నా వైపు చూసింది.
నేను టేపు చుట్టుకుంటా ఉన్నాను.
నా ఫీజులో సగం ఇంకా రావల్ల.