తరమణిలో తెల్లవారుజాము

ఇరవై నానోమీటర్ల బంగారు పూస.
దాని ఒళ్లంతా పాలిమర్ పోగులు,
పాదాలు గంధకంతో అతికించినవి.
నచ్చిన ద్రావణిలో ఉన్నంతసేపూ
జుట్టు విరబోసుకున్నట్టు
దేని మానాన అది.

మూడు గంటలు. బొట్టు తర్వాత బొట్టు
నీళ్లు వదులుతున్నాను.
నీళ్లంటే పడదు వీటికి.
పారిపోదామంటే కాళ్లు రావు.
పక్కదాన్ని పట్టుకుని
ముడుచుకుంటాయి, కొప్పులు కొప్పులుగా.

కింద హారన్. మెట్రోవాటర్ లారీ.
నిద్రకళ్లతో వీధి వీధంతా లేచింది.
ఎవరూ గీత గీయలేదు,
నువ్విక్కడ నువ్వక్కడ అనలేదు.
ప్లాస్టిక్ బిందెలు వాటంతటవే గుంపులు కట్టాయి.

నీళ్లొచ్చాయనే అక్కడా.
నీళ్లొచ్చాయనే ఇక్కడా.

అయిదింటికి మైక్రోస్కోపు తెర మీద
వేలు పెట్టి లెక్కపెట్టాడు ఇళమారన్.
"నాలు."
నాలుగు అని రాసుకున్నాను.
పక్క పూస మీద రెండు. ఆ పక్కది బట్టతల.
మేడమ్‌కి అన్నిటి మీదా మూడే కావాలి.
పోగు పొడుగు తగ్గించాలేమో, పూస పెంచాలేమో,
ఆవలింతలో సగం లెక్క పోయింది.

గేటు దాటితే లారీ లేదు.
బిందెలు దించిన చోట
రోడ్డు మీద తడి మచ్చలు

మూడు.