నైలాన్ బుష్షు పక్కన

చిత్తూరు దాటి గుడిపాల పోయే దారిలో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట
రాత్రి నించీ నలభై ట్రాక్టర్లు.
తోతాపురి వాసన తీపు దాటి
పులుపు పక్కకి తిరగతా ఉండాది.

లోపల కన్వేయరు కాలు పగిలింది.
పగులు వెంట్రుకంత.
దానికి నాలుగు వేళ్ల దూరంలో
తెల్లటి నైలాన్ బుష్షు,
కొత్తగా మొలిచిన పన్ను మాదిరి.

"ఊడదీసి అతకొచ్చు గదన్నా" అంటి.
చెంగల్రాయన్న షాఫ్టును సుత్తితో ఒక్కటి తట్టి
నాకు వినిపించినాడు.
అది ఊడే చప్పుడు కాదు.

గోనెపట్ట తొట్లో ముంచి
పిండీ పిండకుండా బుష్షుకు చుట్టమన్నాడు,
పచ్చి బాలింతకు నడికట్టు కట్టినట్టు, సందు లేకుండా.
వెనకపక్క రాగిబిళ్ళ ఆనించమన్నాడు.
"వేడికి రాగంటే ఇష్టం. పోతే ఆపక్కకే పోనీ."
ఎర్తు క్లిప్పు అతుకు పక్కనే.
"కరెంటుకు దగ్గిర దారి చూపియ్యాల,
లేదంటే బేరింగులో దూరి దాని కొంప ముంచతాది."

ఒక్క చుక్క.
తీసేసినాడు.
స్టీలు మింద రంగులు పాకినాయి,
ఎండుగడ్డి, ఆనక వంకాయ, ఆనక నెమిలి మెడ.
"ఆ నీలం అంచు చూస్తివా,
వేడి ఆడిదాకా నడిచింది. ఆడ కూర్చునింది."
మేమూ కూర్చున్నాం.

సూపర్వైజరు పరంధామం వాచీ చూసుకున్నాడు.
"ఏమప్పా, చుక్కకో బీడీనా?
బయట కాయ మెత్తబడతా ఉంటే!"
చెంగల్రాయన్న బదులు చెప్పలే.
జేబులోంచి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టినాడు.
మూడేండ్ల కిందటి బుష్షు.
ఒక పక్క గుండ్రంగానే ఉండాది.
ఇంకో పక్క జారి, జారతా జారతా ఆగిపోయింది.
దాని మింద ఒక వేలిముద్ర,
కరిగేదాన్ని నిలబెడదామని పోయి
అంటుకున్న వేలిది.
పరంధామం దాన్ని అటూ ఇటూ తిప్పి
ఏమీ అనకుండా గేటుకాడికి పోయినాడు,
రైతులకేదో చెప్పేదానికి.

రెండో చుక్క ఈ కొసన. మూడోది ఆ కొసన.
పక్కపక్కన ఒక్కటీ పెట్టలే.
నడాన నా పని, చేతి వెనకపక్క స్టీలుకు ఆనించేది.
పది లెక్కపెట్టేదాకా తాళితే సరి,
ఆరుకే లాక్కుంటే మళ్ళా కూర్చోవాల.
ఆ పొద్దు నేను నేర్చింది అతికేది కాదు.
ఆరుకూ పదికీ నడాన
ఎంత పొడుగు దారుందో చూసినా.

గోనెపట్టలోంచి ఆవిరి, తడి జనుము వాసన.
గేటు బయట పాలసముద్రం రైతొకాయన
ట్రాక్టరు కింద పండుకుని
ఎండను పేరు పెట్టి తిడతా ఉండాడు.
ఆయనకూ తెలుసు వేడి నడిచే లెక్క,
అడుగు కాయ నించి పై కాయకు,
వరసా వరసా.

పదకొండు చుక్కలు.
పట్ట విప్పితే బుష్షు తెల్లగానే ఉండాది.
చెంగల్రాయన్న గోటితో గీకి చూసినాడు.
గోరు జారింది.

బెల్టు కదిలింది.
మొదటి కాయ దొర్లుకుంటా వచ్చి
అతుకు మిందుగా పోయింది
ఏమీ తెలీనట్టు.

అప్పుడు జేబు తడుముకున్నాడు.
"పాతది యాడరా?"
పరంధామం కాడ ఉండిపోయింది.
పోయి అడిగొస్తానని లేస్తే
చెయ్యి పట్టుకుని ఆపినాడు.
"ఉండనీలే.
ఆయన కాడా ఒకటి ఉండనీ."