ముగ్గే గాలి

గుణుపురం స్టేషన్ రోడ్డులో
మా రెండు కొట్లకీ తడికొకటే గోడ.
అవతల దండపాణి అరటిగెలలు,
ఇవతల నా గులాబీ బకెట్లు.

విశాఖ నుంచి పాసింజర్లో దిగినప్పుడు
మొగ్గలన్నీ బిగించిన పిడికిళ్లే.
మర్నాడు తలుపు తీసేసరికి
రేకులు నీళ్ల మీద తేలుతుండేవి.
కార్నేషన్లయితే రాలను కూడా రాలవు,
లోపలికి ముడుచుకుని
జ్వరమొచ్చిన పిల్లల్లా పడుకుంటాయి.

దిష్టి అనుకున్నాను. మిరపకాయలు కట్టేను.
నీళ్లు మార్చేను. సరుకు పంపినవాడితో
ఫోన్లో పోట్లాడేను.

కాలేజీ లాబ్‌లో గాజుగొట్టాలు కడిగే గురునాథం
మూరెడు కనకాంబరాలకొచ్చి
తడిక దగ్గర ముక్కు పెట్టి నవ్వేడు.
"దొంగ అక్కడున్నాడమ్మా. ఇథిలీను.
కాయ ముగ్గేటప్పుడు వదిలే ఊపిరి.
కాయకది పెళ్లికబురు,
కోసిన పూవుకి చావుకబురు."

చిల్లర లెక్కపెట్టుకుంటూ ఇంకా చెప్పేడు.
మనకున్నట్టే వాటికీ హార్మోన్లుంటాయట.
కింద నుంచి వేరు ఒకటి పంపుతుందట,
ఇంకా పొద్దుంది, ఉండు, అని.
కత్తెర పడ్డచోట ఆ మాట తెగిపోతుంది.
నీరందని కాడలో ఇంకోటి పెరుగుతుందట,
తలుపులు మూసెయ్, అని
ఆకుల కన్నాలకి చెప్పడానికి.
వాడే పూవు కూడా అదే గాలి వదుల్తుందట.
ఒకటి పోతే పక్కది తొందరపడేది అందుకేనట.

ఇరవై రెండేళ్లు పూలమ్మేను.
కోసిన పూవు ఇంకా బతికుంటుందని
నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి వాడినవి ఏరి బయట పారేసేను.
కాడలు నీళ్లలో ముంచి ఏటవాలుగా కోసేను.
చెంచాడు పంచదార, నాలుగు నిమ్మచుక్కలు.
బకెట్లు దూరం మూలకి లాగేను,
రెండు మాత్రం పట్టలేదు.

దండపాణికేమని చెప్పను?
రోజూ సాయంత్రం తడిక మీంచి
మచ్చలు పడ్డ పండొకటి అందిస్తాడు,
"ఖాఅ, నానీ" అంటూ.
గెల ముగ్గకపోతే అతనికి అప్పు,
పూవు ఆగకపోతే నాకు.
ఇద్దరం కట్టేది ఒకే సేటుకి.

తడిక పొడుగునా ప్లాస్టిక్ సంచులు కుడుతుంటే
"చలా?" అనడిగేడు అవతల్నుంచి.
ఔనన్నాను.
నడివేసవిలో.

పైన చెయ్యి పట్టేంత కన్నం వదిలేసేను.

ఇవాళ మూడు కార్నేషన్లు ముడుచుకున్నాయి.
ఆ కన్నం కింద బకెట్లోవే.