వరస చివరి ప్రకాశం

కందుకూరు, పామూరు రోడ్డు.
కింద ఎరువుల కొట్టు, పైన మా గది.
రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను.
అది తిరిగితే కాగితాలు లేస్తాయి, ఆగితే మేం లేస్తాం.

ఆ ఏడే మమ్మల్ని ప్రకాశంలోంచి తీసి నెల్లూర్లో కలిపారు.
రాత్రి పడుకున్న మంచం మీదే పొద్దున లేచాం,
జిల్లా మాత్రం వేరే.
పొగాకు బ్యారన్ల రైతుల జాబితా,
నాలుగు వేల చిల్లర వరసలు.
"సోమారానికల్లా అన్నీ మారిపోవాల" అన్నాడు ఓనరు.

ఒక్కొక్కటీ కొడితే వేళ్ళరుగుతాయని
మస్తాన్‌వలి నేర్పాడు, టీ గ్లాసు కీబోర్డు మీదే పెట్టి:
"పేరు వెతకబాక అక్కా, పేరు ఆకారం వెతుకు."

మొదటి పాఠం మాలకొండ.
మా తట్టు ఇంటికొకరుంటారు ఆ కొండ పేరుతో.

మాలకొండ(య్య|మ్మ|రాయుడు)

నిలువుగీతంటే 'లేదా'.
రాసింది ఒక్క ముక్క.
మూడొందల పదకొండు మంది
పసుపు పూసుకుని లేచి నిలబడ్డారు స్క్రీను మీద,
శనివారం కొండ మెట్ల మీద జనంలా.

చుక్కంటే ఏ అక్షరమైనా సరే.
నిజం చుక్కే కావాలంటే,
ఇంటిపేరు పొడక్షరం పక్కన ఒదిగి కూర్చునే చుక్క,
దాని ముందు వాలుగీత గీయాలి,
'నువ్వు నువ్వేలే' అని చెప్పినట్టు.
ప్రశ్నార్థకం ఇక్కడ ఏమీ అడగదు.
ఉంటే ఉండనీ, లేకుంటే పోనీ అంటుంది.
చుక్క పక్కన నక్షత్రం పెట్టావో
కరువులో పుట్టినట్టు వరసంతా మింగుతుంది,
పేరు, తండ్రి పేరు, ఫోను నంబరు, ఊరు, జిల్లా.
మా నాయనమ్మ చూస్తే
"మెల్లగా తినరా, పొలమారుద్ది" అనేది.
మస్తాన్‌వలి దాని వెనకో ప్రశ్నార్థకం తగిలించాడు.
మెల్లగా తింది.

'య్య' నాకు ఒక్కటే అక్షరం. మిషనుకు మూడు.
య, పొల్లు, య.
చేటలో పొల్లు చెరిగి గాలికొదిలిన చేతులు నావి,
ఇప్పుడు కంటికి ఆనని పొల్లును లెక్కపెడుతున్నాయి.

శనివారం రాత్రి తొమ్మిది.
కరెంటుంది. నాకు ధైర్యమూ ఉంది.
వెతుకు: ప్రకాశం
మార్చు: నెల్లూరు
అన్నీనా? అనడిగింది.
అన్నీ.
రెప్ప కొట్టేలోపు అయిపోయింది.
ఇంటికి పోతూ మిరపకాయ బజ్జీలు కొనుక్కున్నాను,
ఆరు.

మంగళవారం వచ్చాడాయన.
భుజాన తువాలు, వేళ్ళకు పచ్చాకు జిగురు నల్లగా.
స్లిప్పు బల్ల మీద పెట్టి
"చదువు తల్లీ" అన్నాడు.

చదివాను.
పేరు: కుంచాల నెల్లూరు.
తండ్రి: మాలకొండయ్య.
ఊరు: పలుకూరు.
జిల్లా: నెల్లూరు.

మస్తాన్‌వలి టీ గ్లాసు తీసుకుని బయటికి పోయాడు, నవ్వాపుకోలేక.

"కందుకూర్ని నెల్లూర్లో కలిపారు, సరే.
పెద్దోళ్ళ పని, మనల్నడగరు.
నన్నెందుకు కలిపావమ్మా?
నేను పుట్టినప్పుడూ మా ఊరు నెల్లూరు జిల్లాలోనే ఉండె.
మధ్యలో నా పేరు పెట్టారు, ఇప్పుడు తీసేశారు.
వాళ్ళు పెట్టినా తీసినా
నేను మాత్రం ప్రకాశాన్నే గదా!"

చెవులు కాలాయి నాకు.
పాత ఫైలు తెరిచాను. ఈసారి

ప్రకాశం$

ఆయన వంగి చూశాడు.
"డాలరేంది? మా ఆకు రేటా?"
కాదు పెద్దాయనా,
ఇక్కడ డాలరంటే డబ్బు కాదు, వరస చివర.
చివర నిలబడ్డ ప్రకాశాన్నే పట్టుకోమని,
ముందర మనుషులున్నారు
వాళ్ళ జోలికి పోవద్దని దాని అర్థం.

నడిపాను.
ఆయన వెనకే ఇంకో ఏడుగురు ప్రకాశాలు
తిరిగొచ్చారు, ఏమీ ఎరగనట్టు.
వాళ్ళెవరూ రాలేదు అడగడానికి.
చూసుకున్నారో లేదో.

కొత్త స్లిప్పు అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుకున్నాడు.
"జిల్లాని మళ్ళీ మారిస్తే?"
తిరగేస్తాను, ఒక్క నిమిషం పని.

"అప్పుడు నన్ను తిరగెయ్యబాక"
అని మడిచి జేబులో పెట్టుకుని
మెట్లు దిగాడు కుంచాల ప్రకాశం.