పన్నీరు

డోనట్ షాపులో కిటికీ పక్క బల్ల మాది.
తెల్లవారుజాము ఐదున్నర, సున్నాకి ముప్పై కింద.
బయట ట్రక్కు ఇంజను గొణుగుతూనే ఉంటుంది,
ఆపితే మళ్ళీ లేవదు.
లోపల మేమూ అంతే.

"ఇల్లు ఊరికే, చదువు ఊరికే,
ఆఖరికి తాగే నీళ్ళు కూడా మన జేబులోంచే"
అంటాడు ఒర్విల్, పెట్రోలు బంకు ఒర్విల్.
పేపర్లో అంకె మీద వేలు పెడతాడు.
పొడుగాటి అంకె.
సున్నాలన్నీ కప్పు అడుగు మరకల్లా గుండ్రంగా.
"ఆ రిజర్వ్ మీద పెట్టిందంతా
బూడిదలో పోసిన పన్నీరు."
తల ఊపాను.
ఇరవై రెండేళ్ళుగా ఊపుతున్న తల, దానికి అలవాటు.

తర్వాత లేచి వెళ్ళి
వాళ్ళ నీళ్ళు ట్రక్కుకి ఎక్కించుకున్నాను.

శీతాకాలం మా రోడ్డంటే సరస్సే.
చక్రాల కింద మూడడుగుల గడ్డ,
దాని కింద ఎవరూ కొలవని నీళ్ళు.
నీళ్ళ మీంచి నీళ్ళు మోసుకెళ్ళేవాణ్ణి
చూసి నవ్వాల్సింది ఎవరో నాకు తెలీదు.
అద్దం కొంచెం దించుకుని నడుపుతాను,
గడ్డ విరిగే చప్పుడు ముందే వినపడాలని.

అవతలి ఒడ్డున బడి తలుపు మీద కాగితం:
మరగకాచి తాగండి.
అది అంటించిన ఏడు పుట్టిన పిల్ల
ఇవాళ తన బిడ్డని వీపున కట్టుకుని
సీసాల పెట్టెలు దించుకుంటోంది.
కాగితం మాత్రం మూడోది. మొదటి రెండూ వెలిసిపోయాయి.

ఫిలొమీన్ వబాసీ పెట్టెలు లెక్కపెడుతుంది.
నన్ను నమ్మక కాదు,
లెక్క ఆమె ఉద్యోగం.
"మా అమ్మ ఇక్కడే గడ్డ తొలిచి
గరిటెతో ముంచుకు తాగేది" అంది ఒకసారి,
వాతావరణం గురించి చెప్పినట్టు.
ఎగువన మిల్లు రాకముందు.
ఆ మిల్లులో మా నాన్న ముప్పై ఏళ్ళు చేశాడని
నేను చెప్పలేదు.
ఆమెకు తెలుసనుకుంటాను.

ఇవాళ ఒక కాగితాల కట్ట తెచ్చింది.
"ఆడిటర్ అడిగాడు. నీ సంతకం కావాలి."
బానెట్ మీద పరిచి చదివాను.
నీటి శుద్ధి మీద అధ్యయనం.
దాని మీద ఇంకో అధ్యయనం.
ఆ రెండూ ఎందుకు కలవలేదో తేల్చడానికి ఒక సంఘం.
సంఘానికి విమానం, హోటలు, భోజనాలు.
డీజిలు: ఒర్విల్ బంకు.
రవాణా: ఐనో హ్యూటియానెన్.
ఏటేటా, ఇరవై రెండు వరసలు, నేను.
అడుగున మొత్తం.
పొద్దున ఒర్విల్ వేలి కింద ఉన్నది అదే,
సున్నాలతో సహా.

పన్ను పన్ను అని బల్ల గుద్దాం కదా.
మా చిన్నదాని వంకర పన్నుకి కట్టించిన తీగ
పదకొండో వరసలో ఉంది.
గరాజు పన్నెండులో, పడవ పదిహేనులో.

ఫిలొమీన్ ఏమీ అనలేదు.
ఏదో ఒకటి అనుంటే బాగుండేది.
"పేరు స్పెల్లింగు సరిపోయిందా చూడు" అంది.
చూశాను.
మా ఊళ్ళో బ్యాంకుకీ చర్చికీ ఇంతవరకు చేతకాని పేరు,
ఒక్క అక్షరం తప్పు లేదు.
చలికి పెన్ను రాయలేదు.
గుప్పిట్లో పట్టుకుని ఊది ఊది ఇచ్చింది.

మర్నాడు అదే కిటికీ, అదే బల్ల.
ఒర్విల్ మళ్ళీ మొదలుపెట్టాడు.
నా తల సగం ఊగి ఆగింది.
"డీజిలు వరస చూశాను" అన్నాను.
"ఏ డీజిలు?"
చెప్పాను. సగమే చెప్పగలిగాను.
గొంతు నా మాట వినలేదు.
ఒర్విల్ పేపరు తిప్పి హాకీ పేజీ తీశాడు.
బల్ల చుట్టూ చెంచాలు కదిలాయి.

ఎవరో నా కప్పు నింపి వెళ్ళారు.
మా ఊరి గొట్టం
అదే సరస్సులోకి, లోతైన వైపుకి వేశారు.
మిల్లు గొట్టం వాళ్ళ ఒడ్డు వైపుకి.
వేడిగా ఉంది కాఫీ.
బాగుంది కూడా.