మూడో శరణం

అడ్డగుట్టలో, నీళ్ల ట్యాంకు పక్కన
మిద్దె మీద పదకొండు మందిమి.
కళ్లు మూసుకుంటే ముందు వినిపించేది
ఊపిరి కాదు, కింద ఆటో హారను.

మొదటి రోజు బాలనర్సక్క నవ్వింది:
"సంఘం శరణమా? మా పొదుపు సంఘమే
లోనుకు మూడు నెల్లు తిప్పింది."

మొన్న మూసీ ఒడ్డున ఆమె గోడ మీద
ఎర్ర అక్షరాలు రాసిపోయారు.
ఈ ఆదివారం ఆమె చాప ఖాళీ.

గంట ఎవరూ కొట్టలేదు.
మెట్లు దిగి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం.
బీరువాకు ఒక పక్క మిలింద్, ఒక పక్క నేను,
ఇరుకు సందులో
ఊపిరి బిగబట్టి, వదిలి,
మళ్లీ బిగబట్టి.

మిద్దె మీద ఇప్పుడు ఆమె గిన్నెలు, మంచం,
మధ్యలో మేం.
"జర జరుగుండ్రి, స్టవ్వు పెట్టాలె."
కళ్లు తెరవకుండానే
జరుగుతాం.